10×50 బైనాక్యులర్, స్టెల్లేరియం: ఇంటి చదువులో మూడేళ్ళు వాడాక

2022 చివర్లో మా ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టాం, అప్పుడు పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఆరు. ఆకాశం గురించి చెప్పడానికి మొదట కొన్నది టెలిస్కోప్. డబ్బా మీద 500 రెట్లకు పైగా పెద్దదిగా చూపిస్తుందని రాసి ఉంది, స్టాండు మాత్రం కాస్త గాలి వీస్తే ఊగిపోయేది, చంద్రుణ్ణి తప్ప దేన్నీ పట్టుకోలేకపోయాం, నెల తిరక్కుండా అటకెక్కింది. ఆ తర్వాత 7,000 పెట్టి కొన్న 10×50 బైనాక్యులర్, ఏ తేదీకి ఆకాశం ఎలా ఉంటుందో తెర మీద చూపించే, కంప్యూటర్లో ఉచితంగా వేసుకున్న స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్, ఈ రెండింటితోనే ఇంతవరకూ నడిచింది.

10 అంటే పది రెట్లు, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. బరువు కిలోకి కాస్త తక్కువ. పిల్లలు చేత్తో పట్టుకుంటే చుక్కలన్నీ వణుకుతాయి కాబట్టి డాబా పిట్టగోడ మీద దిండు వేసి దాని మీద ఆనించాలి, నెత్తిమీద ఉన్నవాటికైతే మంచం వేసుకుని వెల్లకిలా పడుకోవడమే. చిన్నోడికి ఇంకో ఇబ్బంది వచ్చింది. వాడి కళ్ళ మధ్య దూరం తక్కువ, రెండు గొట్టాల్ని ఎంత దగ్గరికి మడిచినా సరిపోలేదు, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఒంటికన్నుతోనే చూశాడు. చిన్న పిల్లలుంటే షాపులోనే వాళ్ళ కళ్ళకి పెట్టి చూసి కొనండి.

మేముండేది హైదరాబాద్‌లో, వీధి దీపాల వెలుగులో పాలపుంత కనిపించదు. అయినా గురుగ్రహానికి ఏ వెలుగూ అడ్డు కాదు. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు చందమామలు ఈ బైనాక్యులర్లో సన్నటి చుక్కల్లా కనిపిస్తాయి, రోజుకో బొమ్మ చొప్పున మూడు వారాలు గీయించాను, నిన్న నాలుగున్నాయి ఇవాళ మూడే ఉన్నాయి, నాలుగోది ఎక్కడికెళ్ళిందమ్మా అని వాళ్ళే తగువులాడుకుని, అది గ్రహం ముందుకో వెనక్కో వెళ్ళి ఉంటుందని వాళ్ళే తేల్చారు. పొద్దున్నే బడి బస్సు ఎక్కాల్సిన పని లేదు కాబట్టి రాత్రి పదిన్నర దాకా డాబా మీదే ఉండగలిగాం, ఇంటి చదువు వల్ల మాకు దొరికిన పెద్ద లాభం ఇదే.

అదే నోట్‌బుక్‌లో ఏటా చలికాలం గురుడు ఏ చుక్కల దగ్గర ఉన్నాడో కూడా గీశారు. 2023లో మేషం, 2024 డిసెంబరులో వృషభంలో రోహిణికి దగ్గరగా, 2025 చివర్లో మిథునంలో పునర్వసు జంట పక్కన. ఒకరోజు మా మామయ్యగారు పంచాంగం చూస్తూ, 2023లో గంగకి, 2024లో నర్మదకి, 2025లో సరస్వతికి పుష్కరాలు వచ్చాయని లెక్క చెబుతుంటే పెద్దమ్మాయి నోట్‌బుక్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. గురుడు ఏ రాశిలోకి వస్తే ఆ రాశికి చెప్పిన నదికి పుష్కరాలు; ఏడాదికో రాశి, పన్నెండు రాశులు, అందుకే పన్నెండేళ్ళకి పుష్కరం. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్ళు పడుతుందని నేను ఆ తర్వాత చెప్పాను. ఒక్క జాగ్రత్త, పంచాంగంలో రాశులన్నీ సమానంగా 30 డిగ్రీలు, స్టెల్లేరియం చూపించే హద్దులు అలా ఉండవు, ఒక్కోసారి రెండూ కలవవు. ఈ తేడా పిల్లలకి ముందే చెబితే గందరగోళం ఉండదు.

స్టెల్లేరియం విలువ నాకు ఎండాకాలంలో తెలిసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ అని వింటూ పెరిగినవాళ్ళమే కదా, అప్పుడు రోహిణి నక్షత్రం ఎక్కడుంటుందని చిన్నోడు అడిగేదాకా నేను ఆలోచించనేలేదు. మే 31 మధ్యాహ్నం పెట్టి, కీబోర్డు మీద A నొక్కి వాతావరణాన్ని తీసేస్తే పగటి నీలం పోయి నక్షత్రాలు బయటపడ్డాయి, సూర్యుడు రోహిణికి కొంచెం ఉత్తరాన ఉన్నాడు. అంటే కార్తె పేరున్న నక్షత్రమే ఆ రోజుల్లో రాత్రిపూట కనిపించదు. ఈ సంగతి బయట ఆకాశంలో చూపించడం నావల్ల అయ్యే పని కాదు. తర్వాత కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడా లేదా అని వాళ్ళే డాబా ఎక్కి సరిచూసుకున్నారు.

కానీ ముందు తెర చూపించి తర్వాత డాబా ఎక్కించడం నేను చేసిన తప్పు. మొదటి ఏడాది అలాగే చేశాను, తెర మీద అంత అందంగా కనిపించాక బయట మసక ఆకాశం చూసి పెద్దమ్మాయి నీరుగారిపోయింది. ఇప్పుడు ముందు డాబా, బొమ్మ గీయడం, కిందికొచ్చాకే కంప్యూటర్. ఫోన్ యాప్ వేరు, అందులో కొన్నిటికి డబ్బు కట్టాలి, పైగా ఇనుప రెయిలింగ్ దగ్గర దిక్కులు తప్పు చూపించేది. మాకు కంప్యూటర్లో ఉన్నదే చాలు.

లోపాలు కూడా చెప్పాలి. శని వలయాలు ఈ బైనాక్యులర్లో కనిపించవు, వాటికి కనీసం 25 రెట్లు కావాలి. రెండో వానాకాలంలో అద్దం లోపల బూజు పట్టింది, శుభ్రం చేయించడానికి 1,200 అయింది, అప్పటి నుంచి సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెడుతున్నాం. ఒకసారి చిన్నోడి చేతిలోంచి జారాక ఒక్కో చుక్కా రెండుగా కనిపించింది, అదీ బాగుచేయించాం. ఇంకొకటి, పగలు పిల్లల చేతికి అందనివ్వకండి. దాంతో సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది, మా ఇంట్లో అది తాళం వేసిన బీరువాలో ఉంటుంది.

కంటి దగ్గరి రబ్బరు చిరిగిపోయింది, మార్పించాలి. 2027లో గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్దామని, ఆ సాయంత్రాలు గురుడు పడమట మఖ నక్షత్రం దగ్గర ఉంటాడని పెద్దమ్మాయి స్టెల్లేరియంలో తేదీ ముందుకి జరిపి చూసి పెట్టుకుంది. మబ్బులుంటే ఎలా అన్నది చిన్నోడి టెన్షన్.