మాధవాయిపాలెం రేవు, కిరోసిన్ వాసన కొట్టిన కలంకారీ

"డచ్చివాళ్ల కాలంనాటి డిజైనండి, వెజిటబుల్ కలర్సండి" అని చెప్పి గోదావరి డెల్టాలో ఒక ఊళ్లో మాకు ₹1,850కి కలంకారీ దుప్పటి అంటగట్టారు. ఊరి పేరు రాయను, కొట్టు పేరు అసలే రాయను.

లాడ్జికొచ్చి కవరు విప్పితే గుప్పున కిరోసిన్ వాసన. మా అత్తగారు లైటు కిందికి తీసుకెళ్లి మడత తిరగేశారు. పైన మెరూన్ తీగలు, నల్ల గీతలు నిగనిగలాడుతున్నాయి. వెనకంతా పాలిపోయిన మచ్చలు. చేత్తో అచ్చు కొట్టిన పల్చటి నూలుబట్టకైతే రంగు వెనక్కి దిగుతుంది. అచ్చూ అచ్చూ కలిసేచోట పువ్వు కాడ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. ఇందులో గీత ఎక్కడా తెగలేదు. "స్క్రీన్ ప్రింటే ఇది. వెజిటబులూ లేదు, పాడూ లేదు" అని ఆవిడ తేల్చేశారు.

పొద్దున్నే కొట్టు తెరవగానే వెళ్లాం.

"ఆయ్, కొత్తబట్ట కదండి మామ్మగారూ, రెండు ఉతుకులకి పోద్దండి వాసన."

"వాసన పోద్ది సరే, వెనకాలకి రంగెప్పుడొస్తది?"

డబ్బు వెనక్కి ఇవ్వరట, మార్చుకోవడమేనట. ₹1,500 చేసే నైటీ బట్టలు తీసుకుని బయటపడ్డాం. మిగతా ₹350 గోవిందా. మా ఆయన మేమెవరో తెలియనట్టు రోడ్డు మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు.

అంత మంట ఎందుకంటే, అసలు కలంకారీ పని ఎంత కష్టమో తెలుసు కాబట్టి. బట్టని ముందు కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెడతారు. పాలలో కొవ్వు ఉంటుంది గనక అద్దిన రంగు పక్కకి పాకదు. నల్లగీతకి తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. ఎరుపు కావలసినచోట పటిక అద్ది, చిరివేరు అనే రంగువేరు వేసి ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. నీలం రావాలంటే మిగతాదంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచేవాళ్లు. ఆపైన పారే నీళ్లలో జాడింపు. ఇంత చాకిరీ ఉన్న పేరు తగిలించి స్క్రీన్ ప్రింటు అమ్మితే ఒళ్లు మండదా?

మేం నరసాపురం వెళ్లిందే మాధవాయిపాలెం చూద్దామని. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న చోటు. యంత్రాలేం ఉండేవి కావు. నేతగాళ్లకి ముందే డబ్బిచ్చి, థానులు తెప్పించి, ఏరి, ఓడలకెక్కించే గిడ్డంగి, కొలువు. పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్లు 1613 నుంచే ఉన్నారు. ఈ రేవు నుంచి వెళ్లిన తెల్లటి మెత్తని బట్ట ఇంగ్లండులో 'మడపొల్లం' అని ఊరి పేరుతోనే చలామణీ అయింది. మన పూలబట్టల మీద మోజు ఎంత పెరిగిందంటే ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఇంగ్లండు 1700లో అద్దకం బట్టల దిగుమతికి అడ్డుపడింది, తెల్లబట్టని మాత్రం రానిచ్చింది. లండన్ అద్దకంవాళ్లు దాని మీదే పూలు వేసుకున్నారు. అది కూడా ఓర్వలేక 1721లో అద్దిన నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేశారు. తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మడపొల్లం పేరుతో తామే నేసి అమ్ముకున్నాయి. పేరొకరిది, సరుకొకరిది. మన కొట్టాయన కొత్తగా కనిపెట్టిందేం లేదు.

చూడ్డానికేముంది అంటారా? ఏమీ లేదు. చాలామటుకు గోదావరి కోసుకుపోయింది. మిగిలింది రేవు, నది దాటించి అవతల సఖినేటిపల్లికి పోయే పంటు. మా దగ్గర మనిషికి ₹20 తీసుకున్నారు, ఆటోకి ₹120. ఇక్కడ ఫలానా ఉండేదని చెప్పే బోర్డు ఒక్కటి కూడా మాకు కనపడలేదు. అడిగితే టీకొట్టతను "లేసు పార్కా అండి?" అన్నాడు. లేసు వేరే కథ, అదీ చూడదగ్గదే. వశిష్ట గోదావరి మీద గాలి కోసమైనా పంటు ఎక్కండి, కాకపోతే పొద్దున్నే. పదకొండు దాటాక మా ఆయన మాట్లాడటం మానేశారు.

ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది పాలకొల్లు దిబ్బరొట్టె. ప్లేటు ₹60. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంది. మీద చెరకు పానకం పోశారు. అత్తగారు పానకం రెండోసారి అడిగి పోయించుకున్నారు. ఆ తర్వాత క్షీరారామం దర్శనం, ఏ ఇబ్బందీ లేదు. లాడ్జి ₹1,600, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు అబద్ధం.

అచ్చు కొట్టడం కళ్లారా చూసి కొనాలంటే గోదావరి జిల్లాల్లో తిరగొద్దు, కృష్ణా జిల్లా పెడన వెళ్లండి. టేకు అచ్చులు చెక్కేవాళ్లూ అక్కడే ఉన్నారు. సంక్రాంతి దాటాక వెళ్దామని అత్తగారు అప్పుడే ముహూర్తం పెట్టేశారు. మా ఆయన మాత్రం "టికెట్లు మీ ఇద్దరికే తీసుకోండి" అన్నారు.