5700ఎక్స్ అడిగితే 5700 పెట్టి పంపారు: స్ట్రీమింగ్ కోసం ప్రాసెసర్ మార్చేవాళ్లు బిల్లు చూసుకోండి

ఏఎమ్4 బోర్డులో (ఏఎమ్‌డీ పాత తరం ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు) పాత రైజెన్ ప్రాసెసర్ తీసేసి, గేమ్ ఆడుతూ లైవ్ కూడా పెట్టుకోవడానికి రైజెన్ 7 5700ఎక్స్ కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షాపులో 5700ఎక్స్ అని అడిగి, ఆ రేటే కట్టినా, మీ కంప్యూటర్‌లోకి వచ్చేది ఎక్స్ లేని ఉత్త 5700 కావచ్చు. నాకు అలాగే అంటగట్టారు. షాపు పేరు ఇక్కడ రాయను, గొడవ ఇంకా నడుస్తోంది. అయినా ఇది ఒక్క షాపుకే పరిమితమైన పని అని నేను అనుకోవడం లేదు. ఏఎమ్‌డీ కొత్త బోర్డులకి కావాల్సిన డీడీఆర్5 ర్యామ్ రేట్లు 2025 చివర్లో అంతలా పెరిగాక, ఉన్న డీడీఆర్4 ర్యామ్ తోనే నెట్టుకొద్దామని చాలామంది ఏఎమ్4 మీదే ఆగిపోయారు. గిరాకీ ఎక్కడుంటే చేతివాటం అక్కడే ఉంటుంది.

జరిగింది ఇదీ. నాది బీ550 బోర్డు, రైజెన్ 5 3600, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. జీటీఏ రోల్‌ప్లే సర్వర్‌లో జనం ఎక్కువైనా, ఓబీఎస్ (లైవ్ పెట్టే సాఫ్ట్‌వేర్) ఆన్ చేసి కౌంటర్ స్ట్రైక్ 2 (సీఎస్2) ఆడినా ఫ్రేములు దబ్బున పడిపోయేవి. వాట్సాప్‌లో షాపు పంపిన కొటేషన్‌లో స్పష్టంగా 5700ఎక్స్ అనే ఉంది. "కేబినెట్ తీసుకొచ్చేయండి అన్నా, బయోస్ అప్‌డేట్ చేసి మేమే బిగించి ఇస్తాం, ఫ్రీ" అన్నారు. బిగించాక డబ్బా ఏదీ అని అడిగితే, ట్రే పీస్, డబ్బా రాదన్నారు. బిల్లు మీద మాత్రం "ఏఎమ్‌డీ రైజెన్ 7 5700 సిరీస్ ప్రాసెసర్" అని రాశారు. కిటుకంతా ఆ సిరీస్ అన్న మాటలోనే ఉంది. అలా రాస్తే దానికింద ఏ చిప్ ఇచ్చినా బిల్లు ప్రకారం సరైనదే అని వాదించొచ్చు.

టాస్క్ మేనేజర్ తెరిస్తే 8 కోర్లు, 16 థ్రెడ్లు. చూడ్డానికి అంతా బాగానే ఉంది. ఫ్రేములు మాత్రం నేననుకున్నంత పెరగలేదు. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి చూస్తే, మొన్నటిదాకా పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి) 4.0 మీద నడిచిన నా కార్డు ఇప్పుడు 3.0 మీద నడుస్తోంది. కొత్త ప్రాసెసర్ వేశాక ఆ దారి స్పీడు తగ్గడమేంటి? ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ తెరిచాను. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, కోడ్ నేమ్ (ఆ చిప్ డిజైన్‌కి కంపెనీ పెట్టుకున్న పేరు) సెజాన్. అక్కడితో విషయం తేలిపోయింది.

ఈ రెండు చిప్‌ల పుట్టుక వేరు. 5700ఎక్స్ 2022లో వచ్చింది. వెర్మీర్ కుటుంబం, 32 ఎంబీ ఎల్3 క్యాష్, పీసీఐఈ 4.0. ఉత్త 5700 షాపుల్లోకి 2024లో వచ్చింది. అది 5700జీ కుటుంబానికి చెందిన సెజాన్ చిప్, లోపలి గ్రాఫిక్స్ పనిచేయకుండా చేసి అమ్మినది. క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0 మాత్రమే. నేను తీసేసిన 3600కే 32 ఎంబీ క్యాష్, పీసీఐఈ 4.0 ఉన్నాయి! (నిజం చెప్పాలంటే, 3600లో ఆ క్యాష్ రెండు పదహార్లుగా చీలి ఉంటుంది, కాబట్టి కొత్తది పాతదానికంటే నెమ్మది అని నేను అనను. కానీ నేను డబ్బు కట్టింది దీనికి కాదు.) తమాషా ఏంటంటే, 5700 బేస్ క్లాక్ (మామూలు స్పీడు) 3.7 గిగాహెర్ట్జ్, 5700ఎక్స్‌ది 3.4. రెండిటికీ బూస్ట్ (గరిష్ఠ స్పీడు) 4.6. కాగితం మీద పైపైన చూసేవాడికి ఉత్తదే గొప్పగా కనబడుతుంది.

షాపుకి వెళ్తే వాళ్లు చెప్పినవి కూడా రాస్తాను, ఎందుకంటే మీకూ ఇవే చెబుతారు. మొదటిది, "ఎక్స్ అనేది ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకి అన్నా, మీకెందుకు." తప్పు. ఎక్స్ లేకపోయినా ఓవర్‌క్లాకింగ్ (స్పీడు పెంచి నడపడం) కుదురుతుంది, తేడా క్యాష్‌లో ఉంది. రెండోది, నా ముందే సినీబెంచ్ (ప్రాసెసర్ స్పీడుకి స్కోరు ఇచ్చే పరీక్ష) పెట్టి, ఫోన్‌లో ఎవరిదో 5700ఎక్స్ స్కోరు చూపించి, రెండూ పక్కపక్కనే ఉన్నాయిగా అన్నారు. అవును, ఉంటాయి. సినీబెంచ్‌కి కోర్లు, క్లాకులే ముఖ్యం, క్యాష్ తేడాని అది పెద్దగా పట్టించుకోదు. గేమ్ అలా కాదు. సీఎస్2, వాలరెంట్, జనం నిండిన జీటీఏ సర్వర్ లాంటివి చిన్న చిన్న డేటా ముక్కల కోసం మాటిమాటికీ మెమరీ వైపు పరిగెడతాయి. అవి క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి, ఫ్రేము అక్కడే ఆలస్యమవుతుంది. 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీల్లో క్యాష్‌ని ఏకంగా 96 ఎంబీకి పెంచి గేమర్ల కోసమని అమ్మింది అందుకే కదా. మూడోది, "స్ట్రీమింగ్‌కి కావాల్సింది 8 కోర్లు, అవి ఉన్నాయి."

ఈ మూడో మాట దగ్గర కాస్త ఆగాలి. ఎనిమిది కోర్లు నిజంగా ఒళ్లు వంచేది ఓబీఎస్‌లో ఎన్‌కోడర్‌గా (లైవ్ వీడియోని కుదించేది) ప్రాసెసర్ మీదే నడిచే ఎక్స్264 పెట్టుకున్నప్పుడు. ఇవాళ ఎక్కువమంది ఎన్‌కోడింగ్ పని గ్రాఫిక్స్ కార్డుకే అప్పగిస్తారు, నేనూ అంతే. అప్పుడు ప్రాసెసర్ మీద పడే భారంలో పెద్ద భాగం గేమే. అలర్ట్‌లు, చాట్ బాక్స్, డిస్కార్డ్, క్రోమ్ దాని పక్కన ఉంటాయి. అంటే కార్డుతో స్ట్రీమ్ చేసేవాడికి గేమ్ కోసం అవసరమైన క్యాష్‌నే కోసేసిన చిప్‌ని స్ట్రీమింగ్ చిప్ అని అమ్ముతున్నారు.

పీసీఐఈ సంగతి మీ కార్డుని బట్టి ఉంటుంది. 16 లేన్ల (డేటా వెళ్లే వరసలు) కార్డు అయితే 3.0 అయినా తేడా తెలియడం కష్టం. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి 8 లేన్లవి, వాటి 8 జీబీ మెమరీ నిండిపోయే గేముల్లో తేడా బయటపడుతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే మరీ ఘోరం. దానికి ఉన్నవే 4 లేన్లు, 3.0 మీద పెడితే ఊపిరాడదు. పైగా ఆ కార్డులో వీడియో ఎన్‌కోడరే లేదు, దాంతో స్ట్రీమింగ్ అంటే మొత్తం ప్రాసెసరే మోయాలి. దాన్ని స్ట్రీమింగ్ పీసీ అని సెట్‌గా అమ్మేవాళ్లని చూశాను. బోర్డు మీద మొదటి ఎమ్.2 ఎస్ఎస్‌డీ కూడా 5700తో 3.0కి పడిపోతుంది, అది మాత్రం రోజువారీ వాడకంలో పెద్దగా తెలియదు.

కొనేటప్పుడు నేను చెప్పేది ఒకటే. మీ కళ్లముందు సీల్ తీసే డబ్బా పీసే కొనండి, బిగించడం వాళ్లే చేసినా సరే. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, పార్ట్ నంబర్ చివర డబ్ల్యూఓఎఫ్ అని ఉంటుంది. కూలర్‌తో కలిపి వస్తే మోడల్ పేరు మళ్లీ చూడండి. బిల్లు మీద పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాయించుకోండి, సిరీస్ అన్న మాట ఉంటే కొట్టించి మళ్లీ వేయించండి. ట్రే పీసు వేయి, రెండు వేలు చవకగా వచ్చినా కంపెనీ నుంచి నేరుగా వచ్చే మూడేళ్ల వారంటీ దానికి ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. కౌంటర్ దగ్గరే సీపీయూ-జెడ్ పెట్టి కోడ్ నేమ్, ఎల్3 క్యాష్ చూడండి, రెండు నిమిషాల పని. ఇంట్లో మీరే మార్చుకుంటే, పాత కూలర్ ఊడదీసే ముందు కాసేపు గేమ్ ఆడి పేస్టుని వేడెక్కనివ్వండి. ఎండిపోయిన పేస్టుతో లాగితే ఏఎమ్4 ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తో పాటే ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవ్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. ప్రాసెసర్ మార్చాక ఎఫ్‌టీపీఎమ్ (ఆ తాళం వివరాలు దాచే భాగం) రీసెట్ చేయాలా అని స్క్రీన్ మీద అడుగుతుంది, వై నొక్కితే రీసెట్ అవుతుంది, అప్పుడు కీ లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు. షాపువాళ్లు ఇది అడక్కుండానే వై నొక్కేస్తారు.

అసలు ప్రాసెసర్ మార్చాలా వద్దా అన్నది కూడా ఓబీఎస్ స్టాట్స్ విండోలో తెలిసిపోతుంది. రెండరింగ్ ల్యాగ్ వల్ల ఫ్రేములు పోతుంటే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉందని, గేమ్ ఎఫ్‌పీఎస్‌కి లిమిట్ పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ అయితే ఎన్‌కోడర్ సెట్టింగ్ మార్చాలి. నెట్‌వర్క్ వల్ల డ్రాప్ అవుతుంటే ఎంత ప్రాసెసర్ వేసినా ఇంటర్నెట్ బాగుపడదు.

ఇంటెల్ వైపు వెళ్దామనుకునేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9లు చవకగా కనబడితే ఆగండి. ఎక్కువ వోల్టేజి వల్ల అవి పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, డబ్బా పీసులకి వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ అప్‌డేట్ చెడిపోయిన చిప్‌ని బాగుచేయదు. అన్‌రియల్ ఇంజిన్ గేమ్ తెరిచేటప్పుడు కార్డులో మెమరీ బోలెడు ఉన్నా వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ వస్తే, ఆ చిప్ జోలికి పోవద్దు.

ఇక నా గొడవ. "బిగించిన ప్రాసెసర్ వాపసు తీసుకోం" అన్న బోర్డు గోడమీద చూపించారు. ఆ బోర్డు చూసి వెనక్కి రావక్కర్లేదు. వస్తువులో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతే. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అన్నదీ అదే చట్టం కింద అడగొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక షాపు నుంచే ఫోన్ వచ్చింది, డబ్బు ఇవ్వం, క్రెడిట్ నోట్ ఇస్తాం అని. నేను ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు కాబట్టి అక్కడికే వెళ్తున్నాను. నా చేతిలో గట్టి సాక్ష్యం వాట్సాప్ కొటేషన్, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వేరే చోట దాచాను. ఇలాంటి సిరీస్ బిల్లు మీ దగ్గరా ఉంటే ముందు ఇవాళే సీపీయూ-జెడ్ తెరిచి చూసుకోండి, ఆ చాట్ డిలీట్ చేయకండి.