పాత అంబాసిడర్‌కు ఫ్యూయల్ పంపు: కొత్తది కొనాలా, కిట్టు వేయించాలా?

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో ఫ్యూయల్ పంపుకు కరెంటుతో పని లేదు. ఇంజిన్ పక్కన బిగించి ఉండే ఆ పంపు మీటను క్యామ్‌షాఫ్ట్ నొక్కి వదులుతూ ఉంటే, లోపలి రబ్బరు డయాఫ్రం కదిలి ట్యాంకులోని పెట్రోలును కార్బొరేటరుకు అందిస్తుంది. మెకానిక్కులు ఏసీ పంపు అనే ఈ భాగం మా బండిలో పాడవడంతో, సికింద్రాబాదు రాణిగంజ్‌లో దొరికిన కొత్త పంపునూ, పాత పంపు బాడీకే డయాఫ్రం వంటి లోపలి భాగాల కిట్టు వేయించే పద్ధతినీ పోల్చి చూశాను.

కొత్త పంపు మెరుస్తూ ఉంది, బోల్టు రంధ్రాలు కూడా సరిగ్గా కుదిరాయి. కానీ పెట్రోలు లోపలికి వచ్చే గొట్టాన్ని వేలితో మూసి, మీటను కొన్నిసార్లు ఆడించి, వేలు తీయగానే గాలి ఉస్సుమని లోపలికి పోవాలి. ఈ పంపులో ఆ శబ్దమే రాలేదు. అంటే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు. క్యామ్‌కు తగిలే మీట కొస కూడా గరుకుగానే ఉంది. ఈ పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు కనుక దుకాణంలోనే చేసి చూడండి.

అంతకన్నా ముఖ్యమైనది డయాఫ్రం రబ్బరు. ఉత్పత్తి 2014లోనే ఆగిపోయిన ఈ కారును, 20 శాతం ఇథనాల్ కలిపి నేడు బంకుల్లో పోస్తున్న పెట్రోలును దృష్టిలో పెట్టుకొని తయారు చేయలేదు. ఆ ఇంధనంలో పాత రకం రబ్బరు ఉబ్బి, క్రమంగా పగులుతుంది. అప్పుడు పెట్రోలు బయటికి కారడమే కాక ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తే బండిని కదపకూడదు. కొత్త పంపులో ఏ రబ్బరు వాడారో అమ్మినవారు చెప్పలేకపోయారు. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు డయాఫ్రం ఉన్న కిట్టు తెప్పించి పాత బాడీకే వేయించాను. ఇప్పుడు ఇంజిన్ ఉదయం పూట కూడా వెంటనే అందుకుంటోంది. బిగించేటప్పుడు పంపుకూ ఇంజిన్‌కూ మధ్య పాత ప్యాకింగు మందమే ఉంచాలి, మందం మారితే మీట కదలిక మారుతుంది.

ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ట్యాంకు దగ్గర బిగిస్తే వేసవిలో గొట్టాల్లో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయే బెడద తగ్గుతుందన్నది నిజమే. అయితే ఇంజెక్షన్ కార్ల పంపు మాత్రం పనికిరాదు, ఆ ఒత్తిడికి కార్బొరేటరు పొంగిపోతుంది. పైగా ప్రమాదంలో ఇంజిన్ ఆగినా ఎలక్ట్రిక్ పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది కనుక, దానంతటదే ఆపే స్విచ్చు లేకుండా దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.