క్రిస్మస్ అధ్యాయాలకూ పది ఆజ్ఞలకూ ఏ తెలుగు బైబిలు? పాత అనువాదం, యూవర్షన్ యాప్: గృహ కూడికల కోసం ఒక సమీక్ష

గృహ కూడికలో ఎనిమిది పదిమంది కూర్చుని యేసు జనన వృత్తాంతం వరుసగా చదవాలంటే ముందు తేల్చుకోవలసింది ఏ బైబిలు తెరవాలన్నది. ఒకరి చేతిలో బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం, ఇంకొకరి ఫోన్లో ఐ.ఆర్.వి. (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అనే కొత్త అనువాదం, పిల్లల దగ్గర ఇంగ్లీషు. అందరూ తలా ఒకటి చదివితే మొదటి పావుగంట "నా దాంట్లో అలా లేదే" అనడంతోనే పోతుంది. మా తీర్పు ముందే చెబుతాం: పైకి చదవడానికి అందరికీ పాత అనువాదమే ఉండాలి. పోల్చి చూడడానికి పలు అనువాదాలున్న యూవర్షన్ బైబిలు యాప్ ఒక్క ఫోన్లో ఉంటే చాలు, అదీ కూడిక నడిపేవారి ఫోన్లో.

పాత అనువాదానికి మొదటి బలం చెవి. "పొత్తిగుడ్డలతో చుట్టి", "పశువుల తొట్టిలో" అని ఎవరైనా మొదలుపెడితే చదువురాని పెద్దమ్మ కూడా మిగతాది అందుకుంటుంది. గుంపు అధ్యయనంలో ఇది చిన్న విషయం కాదు. కళ్లజోడు మరిచిపోయినవాళ్లు, అక్షరాలు రానివాళ్లు కూడా చర్చలోకి వస్తారు. రెండో బలం కొన్ని మాటల ఎంపిక. మత్తయి 1:18లో మరియ యోసేపునకు "ప్రధానము చేయబడిన తరువాత" అని ఉంటుంది. ప్రధానం (నిశ్చితార్థం) అంటే ఏమిటో తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. మన ప్రధానం చెడిపోతే పెద్దలు కూర్చుని మాట వెనక్కి తీసుకుంటారు, యూదుల్లో దాన్ని రద్దు చేయాలంటే విడాకులే ఇవ్వాలి. అందుకే తర్వాతి వచనంలో యోసేపు ఆమెను "విడనాడ నుద్దేశించెను". ఈ ముక్క చెప్పకపోతే, ఇంకా పెళ్లే కాలేదు కదా, విడిచిపెట్టడమేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఇక ఇబ్బందులు. అసలైన చిక్కు పాత వ్యాకరణం కాదు. బండి ఱతో రాసిన "గొఱ్ఱెల కాపరులు" దగ్గర కుర్రవాళ్లు ఒకసారి ఆగుతారు, రెండోసారి ఆగరు. చిక్కంతా అర్థం మారిపోయిన మాటలతోనే, ఎందుకంటే అక్కడ ఎవరూ ఆగరు. తెలిసిన మాటే కదా అనుకుని దాటిపోతారు. లూకా 2:14లో దూతలు భూమిమీద "సమాధానము" అంటారు. బడికి వెళ్లే పిల్లలకు సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. ఇక్కడ శాంతి అని ఒక్కసారి చెప్పి ముందుకు వెళ్లాలి. మత్తయి 5:21లో నరహత్య చేసేవాడు "విమర్శకు లోనగును" అని ఉంది. ఈ రోజుల్లో విమర్శ అంటే పత్రికల్లో వచ్చేది. హత్య చేసినవాడికి విమర్శేనా శిక్ష అని ఆశ్చర్యపోయేవాళ్లు ఉన్నారు. అక్కడ దాని అర్థం న్యాయతీర్పు. పదో ఆజ్ఞలో "ఆశింపకూడదు" అన్నదీ ఇలాంటిదే. ఇప్పటి వాడుకలో ఆశించడం అంటే ఎదురుచూడడం, కోరుకోవడం. దాంతో చర్చ కాస్తా "మంచి ఉద్యోగం ఆశించడం తప్పా?" అని పక్కదారి పడుతుంది. ఆజ్ఞ చెప్పేది పొరుగువాడి సొత్తు తనది కావాలని మనసు పెట్టుకోవడం గురించి. ఈ మూడు మాటలూ కూడికకు ముందే ఒక అట్టముక్క మీద రాసి గోడకు అతికిస్తే పది నిమిషాలు మిగులుతాయి.

ఇంకో లోపం మరింత లోతైనది. మూలంలో ఒకే మాట ఉన్నచోట పాత అనువాదం రెండు మాటలు వాడిన సందర్భాలున్నాయి. లూకా 2:7లో "సత్రములో వారికి స్థలము లేనందున" అంటాం. ఆ సత్రం అన్నచోట గ్రీకులో ఉన్నది కటలూమ. అదే లూకా 22:11లో ప్రభువు పస్కా భోజనానికి అడిగిన గది కూడా కటలూమయే. తెలుగులో అక్కడ "విడిది గది" అన్నారు. డబ్బిచ్చి బసచేసే చోటుకు లూకా వాడిన మాట వేరు, మంచి సమరయుని ఉపమానంలో, 10వ అధ్యాయంలో, కనిపిస్తుంది. మన బైబిల్లో అక్కడ పూటకూళ్లవాని ఇల్లు. ఈ మూడు వచనాలూ పక్కపక్కన చదివించండి. చుట్టాలింట్లో విడిది గది నిండిపోయి, పశువులుండే భాగంలో చోటు దొరికిన కుటుంబం కళ్లముందు నిలుస్తుంది. తలుపు మూసేసిన సత్రం యజమాని మన క్రిస్మస్ నాటికల్లో ఉన్నాడు కానీ లూకాలో లేడు. ఇలాగే మత్తయి 2లోని "జ్ఞానులు", అపొస్తలుల కార్యములు 13:6లోని "గారడీవాడు" మూలంలో ఒకే మాట. జ్ఞానులు అనగానే మన ఊహలో ముగ్గురు రాజులు నిలబడతారు. వాక్యంలో రాజులనీ లేదు, ముగ్గురనీ లేదు. కానుకలు మాత్రం మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. అవి ఇచ్చింది పశువుల తొట్టి దగ్గర కాదు, "యింటిలోనికి వచ్చి".

యేసు జననం గురించి చెప్పే మత్తయి 1, 2, లూకా 1, 2 అనే నాలుగు అధ్యాయాల్లో మొత్తం 180 వచనాలు. లూకా 1 ఒక్కటే 80. దాన్ని ఒక్క వారంలో కుక్కితే చదవడానికే పది పన్నెండు నిమిషాలు పట్టి, మిగిలిన సమయం జెకర్యా మూగతనం దగ్గరే అయిపోతుంది. రెండుగా విడగొట్టి మొత్తం ఐదు వారాలు పెట్టుకోండి, వారానికి గంటంబావు. నవంబరు మొదటి వారంలో మొదలుపెట్టడం మంచిది. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు (ముందస్తు క్రిస్మస్ వేడుకలు), క్యారల్స్ రౌండ్లతో సాయంత్రాలు దొరకవు. ఎక్కువగా జరిగే పొరపాటు రెండు సువార్తలనూ కలిపి ఒకే కథ చేయడం. దానికి మందు ఒక చార్టు కాగితం. ఒక పక్క మత్తయి, ఇంకో పక్క లూకా, నడుమ గీత. నక్షత్రం, హేరోదు హత్యాకాండ, ఐగుప్తు ప్రయాణం మత్తయి వైపే వస్తాయి. ప్రజాసంఖ్య (జనాభా లెక్కలు), కాపరులు, తొట్టి లూకా వైపే. బేత్లెహేము, నజరేతు, పరిశుద్ధాత్మ వలన గర్భం, హేరోదు దినాలు రెండు వైపులా వస్తాయి. గాడిద ఏ వైపూ రాదు. కాగితం నిండాక ఎవరూ వాదించనక్కర్లేదు, గుంపే చూస్తుంది.

చరిత్ర ప్రశ్న ఒకటి ఖాయంగా వస్తుంది, దాటవేయకండి. యేసు పుట్టింది హేరోదు బతికుండగా అని మత్తయి 2, కురేనియ సిరియకు అధిపతిగా ఉన్నప్పటి ప్రజాసంఖ్య సమయంలో అని లూకా 2:2 చెబుతాయి. కురేనియ నడిపిన ప్రజాసంఖ్య క్రీ.శ. 6లో జరిగిందని చరిత్ర చెబుతుంది. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది పండితుల లెక్క. ఈ రెంటినీ పొసగించడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి, ఏదీ అందరూ ఒప్పుకున్నది కాదు. అలాగే చెప్పాలి. ఇంటర్నెట్లో ఇది చదివొచ్చిన కుర్రాడికి అడ్డంగా జవాబు చెబితే వచ్చే వారం రాడు.

యాప్ సంగతి. యూవర్షన్ ఉచితం, ప్రకటనలు రావు, అక్షరం సైజు పెంచుకోవచ్చు. వచనం మీద వేలు పెడితే వచ్చే పోలిక సదుపాయమే దీని ప్రాణం. పాత అనువాదం, ఐ.ఆర్.వి., తెలుగు సమకాలీన అనువాదం ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. సమాధానము, ఆశింపకూడదు లాంటి చోట్ల కొత్త అనువాదాలు ఏమన్నాయో అప్పటికప్పుడు చదివి వినిపించవచ్చు. అమెరికాలో, గల్ఫ్‌లో తెలుగు కూడికలకు దీని ఉపయోగం రెట్టింపు, ఎందుకంటే పిల్లలు ఇంగ్లీషులోనే చదువుతారు. కింగ్ జేమ్స్ చదివే పిల్లకు లూకా 2:14లో మనుషుల పట్ల దయ అని ఉంటే, మన దగ్గర "ఆయన కిష్టులైన మనుష్యులకు" అని ఉంటుంది. అది అనువాదకుల తప్పు కాదు, గ్రీకు ప్రతుల్లోనే ఒక అక్షరం తేడా. లోటు ఎక్కడంటే, యాప్ పోలికలో వచనాన్ని ఒంటరిగా చూపిస్తుంది. లూకా 2నీ 22నీ ఒకేసారి తెరిచి వేలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పే పని పుస్తకంలోనే సుఖం. అందరి చేతుల్లో ఫోన్లుంటే నోటిఫికేషన్లూ తోడవుతాయి. ఆఫ్‌లైన్ కోసం డౌన్‌లోడ్ దొరకడం అనువాదాన్ని బట్టి ఉంటుంది, ముందురోజే చూసుకోండి.

ఆజ్ఞల అధ్యయనాన్ని విడిగా ఎత్తుకోవద్దు, జననం నుంచే దారి ఉంది. లూకా 1:6లో జెకర్యా, ఎలీసబెతు సకలమైన ఆజ్ఞల చొప్పున నడుచుకున్నవారు. 2వ అధ్యాయంలో ధర్మశాస్త్రం మాట ఐదుసార్లు వస్తుంది: 22, 23, 24, 27, 39. 24వ వచనంలోని గువ్వల జత లేవీయకాండము 12:8 ప్రకారం గొఱ్ఱెపిల్లను తేలేని పేదల అర్పణ. ఇది తెలిస్తే మరియ యోసేపుల చేతిలో ఎంత ఉందో తెలిసిపోతుంది. మత్తయిలో దారి మోషే గుండా వెళ్తుంది. ఫరో మగపిల్లలను చంపించాడు, హేరోదూ చంపించాడు. శిశువు ప్రాణం తీయజూచినవారు చనిపోయారన్న 2:20ని నిర్గమకాండము 4:19 పక్కన పెట్టి చదివించండి. ఆ తర్వాత కొండమీద "మీరు విన్నారు గదా" అని ఐదుసార్లు చెప్పే 5వ అధ్యాయానికి వెళ్తే, ఎవరు మాట్లాడుతున్నారో గుంపుకు వేరే చెప్పనక్కర్లేదు.

పది ఆజ్ఞలకు నిర్గమకాండము 20, ద్వితీయోపదేశకాండము 5 రెండూ తెరవాలి. విశ్రాంతిదినానికి మొదటిచోట కారణం సృష్టి, రెండోచోట ఐగుప్తు దాస్యం. పనిమనిషికి సెలవిస్తున్నామా అన్న ప్రశ్న రెండో కారణం నుంచే సూటిగా వస్తుంది. జాగ్రత్త పడవలసింది అంకెల దగ్గర. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంవారూ కథోలికులూ విగ్రహాల నిషేధాన్ని మొదటి ఆజ్ఞలో కలుపుతారు, ఆశింపకూడదన్నదాన్ని రెండుగా విడదీస్తారు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు విశ్వాసులు అలా చేయరు. అందుకని గుంటూరులో మిశ్రమ కూడికలో "ఐదో ఆజ్ఞ" అంటే సగంమందికి నరహత్య, సగంమందికి తల్లిదండ్రుల సన్మానం. అంకె చెప్పకుండా ఆజ్ఞ మాటలే చదవండి.

కొనేవారికి: రిఫరెన్సులున్న పెద్దక్షరాల ప్రతి తీసుకోండి. మత్తయి 1:23 దగ్గర యెషయా 7:14, 2:15 దగ్గర హోషేయ 11:1 ఇచ్చి ఉన్నాయో లేదో షాపులోనే తెరిచి చూడండి. చేతిలో ఇమిడే చిన్న సైజు ప్రయాణానికి బాగుంటుంది కానీ సాయంత్రం ఒక ట్యూబ్‌లైటు కింద పదిమంది చదవడానికి పనికిరాదు. ఇద్దరికి ఒకటి చొప్పున ఐదు ప్రతులూ ఒకే ముద్రణవి కొంటే పేజీ అంకెతోనే అందరినీ ఒకచోటికి తేవచ్చు. బైబిలు తెరవడం ఇంకా అలవాటు లేనివారికి అదే పెద్ద సాయం.