"చుక్క కారదు" అని అమ్ముతున్న ఆ నొక్కుడు పాళీ పెన్ను కొనేముందు ఇది చదవండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. వెనక బటన్ నొక్కితే పాళీ బయటికొచ్చి, మళ్లీ నొక్కితే లోపలికి పోయే ఫౌంటెన్ పెన్నుని "నూటికి నూరు శాతం లీక్‌ప్రూఫ్, విమానంలో కూడా చుక్క కారదు" అని ఒకాయన ఊదరగొడుతున్నాడు కదా, ఆయన దగ్గర కొనకండి. పేరు రాయను. తెల్ల కాగితం మీద పెన్నుని తలకిందులుగా పట్టుకుని ఊపుతూ "చూశారా, ఒక్క చుక్క లేదు" అనే వీడియో చూసినవాళ్లకి ఎవరో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ వీడియోలో పెన్నులో అసలు ఇంకు ఉందా అని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, అది వేరే సంగతి.

జరిగింది చిన్న విషయమే. పెన్ను వచ్చింది, ఇంకు నింపాను, రాత బాగుంది, అబద్ధమెందుకు, పాళీ చాలా నున్నగా నడిచింది. జేబుకి తగిలించుకుని వెళ్లాను. ఒకచోట సంతకం పెట్టాల్సి వచ్చి తీసి టక్కున నొక్కితే పాళీతోపాటు ఇంత బొట్టు ఎగిరి కాగితం మీద పడింది. వేళ్లు నీలం, జేబు కింద అరచేతంత మరక. చొక్కా పోతే పోయింది. ఆ కాగితం నాది కాదు, దాని గురించి రాస్తే మళ్లీ బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

ఇంటికొచ్చి పెన్ను విప్పాను. నడుమ మరలు మొత్తం ఇంకు, స్ప్రింగు ఇంకు, కన్వర్టర్ (లోపల ఇంకు నింపుకునే బుల్లి గొట్టం) బయట కూడా ఇంకు. పాళీ ఉన్న గొట్టాన్ని బయటికి తీసి, ముందు రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి చూశాను. ఇలాంటి పెన్నుల్లో ఆ రంధ్రానికి లోపల ఒక బుల్లి తలుపు ఉంటుంది, గోరు కొనంత కూడా ఉండదు. పాళీ ముందుకొస్తే అదే తోసుకుని తెరుచుకోవాలి, వెనక్కి పోగానే స్ప్రింగు దాన్ని లాగి మూసేయాలి. పెన్నుకి మూత లేదు కాబట్టి మూత చేయాల్సిన పనంతా చేసేది అదొక్కటే. నా పెన్నులో అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఒక పక్క స్ప్రింగు కొక్కెం ఊడి గోడకి ఆనుకుని ఉంది, ఇంకో పక్క సన్నటి సందు, వెనక నుంచి లైటు వేస్తే ముందుకి వెలుగు కనపడుతోంది. అగ్గిపుల్లతో మెల్లగా కదిపితే మూసుకుంది, వదిలితే మళ్లీ తెరుచుకుంది. తలుపు అంచుకి రబ్బరు గానీ, మెత్తటి పొర గానీ ఏమీ లేదు. ఒట్టి రేకు, దాన్ని ఆనుకోవడానికి గరుకు ప్లాస్టిక్ అంచు. దీనికి లీక్‌ప్రూఫ్ అని పేరు.

సరే, తయారీలో ఒకటి అరా తేడా రావొచ్చు, అడిగితే మార్చి ఇస్తాడులే అనుకున్నాను. ఇక్కడి నుంచే అసలు కథ.

మెసేజ్ పెడితే వెంటనే జవాబొచ్చింది. "నమస్తే సార్, పెన్నుని పాళీ పైకి ఉండేలా పెట్టారా?" ఈ పెన్నుల్లో క్లిప్పు ఉండేదే పాళీ వైపు. జేబుకి తగిలిస్తే పాళీ దానంతటదే పైకి ఉంటుంది, అందుకే కదా చూడటానికి ఎబ్బెట్టుగా ఉన్నా, వేళ్లకి అడ్డమొస్తున్నా, క్లిప్పుని అక్కడ పెట్టేది. "తగిలించాక ఇంకెలా ఉంటుందండీ?" అన్నాను. దానికి జవాబు లేదు. తర్వాత "ఏ ఇంకు పోశారు సార్?" చెప్పాను, అందరూ వాడే మామూలు ఇంకే. "మా పెన్నుకి మా ఇంకే పోయాలి సార్." ఆ ముక్క పెన్ను అమ్మే పేజీలో ఎక్కడా లేదు. ఆ తర్వాత ఫిజిక్స్ పాఠం: "గాలి ఒత్తిడి సార్, దానికి ఎవరూ ఏం చేయలేరు."

గాలి ఒత్తిడి మాట నిజమే, కాదనను. కన్వర్టర్‌లో ఇంకు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. ఒంటి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి నెడుతుంది, పది డిగ్రీలు పెరిగితే సుమారు మూడు శాతం. విమానంలో అయితే క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతకి తగ్గొచ్చు, అప్పుడు అదే గాలి మూడో వంతు దాకా పెరుగుతుంది. అలా పొంగిన ఇంకుని పట్టుకోవడానికే పాళీ కింద ఫీడ్‌కి, అంటే పాళీకి ఇంకు అందించే ముక్కకి, సన్నటి గాడులు పెడతారు. కానీ నొక్కుడు పెన్నులో పాళీ, ఫీడ్ రెండూ ఆ చిన్న రంధ్రంలోంచి దూరాలి కాబట్టి ఫీడ్ సన్నగా చేస్తారు, పట్టి ఉంచే ఇంకు కూడా కొంచెమే. దాన్ని మించిందంతా పాళీ గదిలో పోగవుతుంది. తలుపు, దాని చుట్టూ ఉన్న గొట్టం బిగుతుగా ఉంటే అది అక్కడే ఉంటుంది, లేకపోతే ముందుకి చొక్కా మీదికి, వెనక్కి స్ప్రింగులోకి. మళ్లీ నొక్కినప్పుడు పాళీ ఆ మడుగులో మునిగి బయటికొస్తుంది, చివర్లో చప్పున ఆగుతుంది. దానికి అంటుకున్న చుక్క మాత్రం ఆగదు. నా కాగితం మీద పడింది అదే. మరి ఇవన్నీ తెలిసినవాడు "విమానంలో కూడా కారదు" అని పెద్ద అక్షరాలతో ఎలా రాసుకున్నాడు? అదే అడిగాను. "ఫోటో పంపండి సార్, టీమ్‌కి చూపిస్తాం" అన్నాడు. ఆ టీమ్ కూడా ఆయనే అని నా నమ్మకం.

పంపాను. టార్చ్ వెలుగులో తలుపు పక్క సందు, మరల మీద ఇంకు, అన్నీ స్పష్టంగా కనపడేలా తీసి పంపాను. కాసేపటికి నా ఫోటోనే నాకు తిరిగొచ్చింది. మరల మీద ఉన్న ఇంకు చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి, కింద: "సార్, లోపల ఇంకు మరకలు ఉన్నాయి. వాడిన పెన్నుకి రిటర్న్ లేదు."

మొదట నాకు అర్థం కాలేదు. తప్పు ఫోటో పంపాడేమో అనుకున్నాను. మళ్లీ చదివాను. ఇంకు కారిందని నేను పంపిన సాక్ష్యాన్నే, నేను పెన్ను వాడేశాననడానికి సాక్ష్యంగా నా మొహాన కొట్టాడు. కారకపోతే ఆ మరక అక్కడికి ఎలా వస్తుంది? కన్వర్టర్ లోపల ఉండాల్సిన ఇంకు మరల దాకా నడుచుకుంటూ వచ్చిందా? "ఇంకు పోయకుండా పెన్ను కారుతుందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అని మర్యాదగానే అడిగాను, అప్పటికింకా మర్యాద మిగిలే ఉంది. "ముందు నీళ్లతో చూసుకోవాలి సార్, పెన్నులు వాడేవాళ్లందరికీ తెలిసిన విషయమే" అని, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ. ఆ బొమ్మ చూసి అరికాలి మంట నెత్తికెక్కింది.

తలుపు సంగతి వదలకుండా మళ్లీ అడిగాను. స్ప్రింగు ఊడింది కనిపిస్తోంది కదా, ఆ ముందు భాగం ఒక్కటైనా పంపండి, నేనే మార్చుకుంటాను అన్నాను. దానికి వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఫౌంటెన్ పెన్ను అంటే కొంచెం కారుతుంది సార్. అంత భయమైతే బాల్ పెన్ను వాడుకోండి."

కారదు అని చెప్పి అమ్మిన మనిషే ఈ మాట అనడం చూడండి. నేనేమైనా ఉచితంగా అడిగానా, అప్పు అడిగానా? ఇంతలో పేజీ తెరిచి చూద్దును కదా, "లీక్‌ప్రూఫ్" పోయి "లీక్ రెసిస్టెంట్" అయింది, విమానం బొమ్మ మాయం. నాతో చాట్ చేస్తూనే మార్చేశాడు! అంత చురుకుదనం స్ప్రింగు బిగించడంలో చూపించి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. ఆర్డర్ మెయిల్‌లో మాత్రం పాత పేరు అలాగే ఉంది, దాన్ని మార్చడం ఆయన తరం కాదు. కంప్లయింట్‌కి అదే జత చేశాను. సైట్ వాళ్లు "పరిశీలిస్తున్నాం" అన్నారు. ఆ మాటకి అర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పేజీలో ఇంకో గొప్ప కూడా ఉంది, "ప్రపంచంలోనే మొట్టమొదటి లోపలికి పోయే పాళీ డిజైన్" అని. నవ్వాలో ఏడవాలో తెలియదు. 1896లోనే మోరిస్ మూర్ అనే అమెరికన్ పాళీ లోపలికి పోయే పెన్నుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత వాటర్‌మన్, మాంట్‌బ్లాంక్ కంపెనీలు కూడా అలాంటివి చేశాయి. సేఫ్టీ పెన్నులనేవారు వాటిని. పాళీ ఏకంగా ఇంకులోకే మునిగిపోతుంది, పైన మూత బిగించేస్తే సీసాకి బిరడా పెట్టినట్టే, కారడానికి దారే ఉండదు. తిప్పలు వేరే: మూత తీసేటప్పుడు నిటారుగా పట్టుకోకపోతే ఇంకంతా ఒలికిపోతుంది, తిప్పే కడ్డీ చుట్టూ ఉన్న కార్కు ఎండిపోతే వెనక నుంచి కారుతుంది. అంటే వందేళ్ల కిందటి వాళ్లకి కూడా కారడమనేది సీలు దగ్గర తేలే సమస్య అని తెలుసు. మూత లేకుండా బుల్లి తలుపుతో మూసుకునే పెన్నుని జపాన్ పైలట్ కంపెనీ 1963లో క్యాప్‌లెస్ పేరుతో తెచ్చింది, వానిషింగ్ పాయింట్ అని కొన్నిచోట్ల అమ్మేదీ అదే. జపాన్‌దే ఇంకో కంపెనీ ప్లాటినం, వాళ్ల నొక్కుడు పెన్ను క్యూరిడాస్ 2020లో వచ్చింది. జర్మనీ కంపెనీ లామీ వాళ్ల డైలాగ్ అయితే నొక్కే రకం కాదు, తిప్పే రకం. వీళ్లందరినీ పక్కకి నెట్టి ఈయన మొట్టమొదటివాడు అయ్యాడన్నమాట.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆ మంచి పెన్నుల్లో కూడా తలుపు ముఖ్యంగా ఉన్నది పాళీ ఎండిపోకుండా చూడటానికే. విమానంలో పొంగే ఇంకుని ఆపేస్తుందని దాని మీద భారం వేయకూడదు. ఎండకుండా ఉంచడంలో కూడా మంచి మూత ముందు ఇది తక్కువే. ప్లాటినం 2011లో తెచ్చిన 3776 సెంచరీ అనే మూత పెన్నులో మూత లోపల స్ప్రింగుతో బిగిసే ఇంకో మూత పెట్టారు, రెండేళ్లు వాడకపోయినా ఇంకు ఎండదని కంపెనీ మాట. బుల్లి తలుపు ఆ స్థాయికి రాదు. ఒంటి చేత్తో టక్కున తీసి రాయడమే ఈ పెన్నుల సుఖం, అందుకే నేనూ పడ్డాను ఈ గోతిలో.

కొనాలని ఇంకా ఉంటే, నాలుగు ముక్కలు. పెట్టె తెరవడం దగ్గర నుంచి వీడియో తీయండి, అందులో పేజీలో ఉన్న పేరు కూడా పడాలి, లేకపోతే రాత్రికి రాత్రి మారిపోతుంది. ఇంకు పోయకముందే పాళీ గొట్టం బయటికి తీసి, రంధ్రాన్ని వెలుగు వైపు పెట్టి వెనక నుంచి చూడండి, తలుపు పక్క కొట్టొచ్చినట్టు సందు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. బటన్‌ని మెల్లగా నొక్కి వదులుతూ తలుపు చివరిదాకా వచ్చి మూసుకుంటోందో లేదో గమనించండి. తర్వాత నీళ్లు నింపి, ముందు భాగం కిందికి ఉండేలా టిష్యూలో చుట్టి రాత్రంతా నిలబెట్టండి. పొద్దున్నే మరలు కూడా విప్పి తడుముకోండి, ముక్కు పొడిగా ఉందని మోసపోవద్దు, నాది కక్కింది నడుములోంచే. విమానం ఎక్కేవాళ్లు నిండా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి, సగం ఇంకుతో ఎక్కొద్దు.

ఈ మోడల్‌కి తలుపు, స్ప్రింగు ఉన్న ముందు భాగం విడిగా ఎక్కడైనా దొరుకుతుందని తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. పాళీ మాత్రం నిజంగానే బాగుంది, పారేయడానికి మనసొప్పడం లేదు.