చెరువు గట్టు మీద పాటల పెట్టె: పద్నాలుగు నెలలు వాడాక

భీమవరం నుంచి ఉప్పుటేరు వైపు వెళ్లే దారిలో ఐదెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాను. వనామీ రకం రొయ్య. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా మకాంలో, అంటే గట్టు మీది కాపలా గదిలో, కాపలా నాదే. జేబులో ఫోన్‌తో పాటు ఒక చిన్న ఎంపీ3 ప్లేయర్ కూడా ఉంటుంది. అది చూసిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు, ఫోన్ ఉండగా ఇదెందుకని. ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత ప్లేయర్ సంగతికి వస్తాను.

రెండేళ్ల కిందట వేసవి పంటలో ఒక రాత్రి ఫోన్‌లో పాటలు వింటూ కునుకు తీశాను. మూడు గంటలప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పోయింది, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. కరెంట్ పోతే ఫోన్‌కి కాల్ వచ్చేలా స్టార్టర్ పక్కన సిమ్ ఉన్న అలారం పెట్టించుకున్నాను. అది కాల్ చేసే ఉంటుంది. కానీ పాటలకే ఛార్జింగ్ అంతా అయిపోయి నా ఫోన్ అప్పటికే ఆఫ్ అయింది. పక్క చెరువు బావ టార్చి వేసుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. "లే బావా, నీ చెరువులో చప్పుడు లేదు!"

రొయ్యలు చేసేవాళ్లకి ఆ మాట ఎలా ఉంటుందో తెలుసు. పగలు నీటిలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పచ్చదనం రొయ్యలతో పోటీ పడి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, మూడు పీపీఎం (లీటరుకి మూడు మిల్లీగ్రాములు) కిందికి జారితే ప్రమాదం. జనరేటర్ వేసేసరికి మూలల్లో రొయ్యలు తేలుతున్నాయి. బావ లేకపోతే ఆ పంట మొత్తం పోయేది. తెల్లారాక గట్టు మీద కూర్చుని నిర్ణయించుకున్నాను: ఫోన్ ఇక పాటలకి కాదు, కాల్ కోసమే. కానీ ఎనిమిది గంటల చీకట్లో పాట లేకుండా కూర్చోవడం నావల్ల కాదు.

కొన్ని నెలల తర్వాత మా అమ్మాయి కూర్చుని వెతికింది. ఆపిల్ ఐపాడ్ తయారీ 2022 మేలోనే ఆపేసింది. సోనీ వాక్‌మన్ పేరుతో ఇంకా చేస్తోంది గానీ, ఆండ్రాయిడ్ ఉన్న రకం ఇరవై వేలు దాటింది. పైగా టచ్ స్క్రీన్. మేత చల్లి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి వచ్చిన తడి చేతికి టచ్ స్క్రీన్ పనికిరాదు. చివరికి ₹2,150 పెట్టి బటన్లున్న చైనా ప్లేయర్ తెప్పించాం. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే అచ్చుని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. ఏమేం ఉండాలో చెప్తాను, పేరు ఏదైనా ఫర్వాలేదు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పొడవు, ఇనుప ఒళ్లు, చిన్న తెర. లోపల 16 జీబీ, మెమరీ కార్డు గాడి, మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను, బ్లూటూత్, ఎఫ్ఎం. బటన్లు ఉబ్బుగా ఉంటాయి కాబట్టి చీకట్లో జేబులోంచి తీయకుండానే బొటనవేలితో పాట మార్చొచ్చు. వాల్యూమ్ బటన్లు పక్కన విడిగా ఉన్నాయి. కొన్ని రకాల్లో ముందు ఒక బటన్ నొక్కి, తర్వాత బాణం గుర్తులతో సౌండ్ పెంచాలట, అలాంటివి తీసుకోకండి. పక్కన జరిపే లాక్ ఉంది. వంగి ట్రే ఎత్తేటప్పుడు బటన్లు వాటంతట అవే నొక్కుకోకుండా అది కాపాడుతుంది.

ఇక అసలు విషయం ఒక చెవి గురించి. చెరువు మీద రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదు, నేను పెట్టుకోను. నా ఎడమ చెవి పాటది, కుడి చెవి చెరువుది. ఏరియేటర్ల రెక్కలు నీటిని కొట్టే చప్పుడు రాత్రంతా ఒకే తీరుగా ఉంటుంది. ఒక మోటార్ ఆగినా ఆ చప్పుడు పలచబడుతుంది. అలారం కంటే ముందు అది చెవికి తెలుస్తుంది. ఆ రాత్రి బావకి అలాగే తెలిసింది.

ఒక చెవితో వినడం మొదలుపెట్టాక ఒక సంగతి బయటపడింది. అరవైల నాటి ఘంటసాల, సుశీల గార్ల పాటలు ఒక చెవికి నిండుగా వస్తున్నాయి. తర్వాతి కాలం పాటల్లో మాత్రం ఏదో లోటు. ఒక పాటలో చరణానికి ముందు ఫ్లూట్ రావాలి, అది అసలు వినబడలేదు. ఫైలు పాడైందనుకుని మళ్లీ వేయించాను, అదే వరస. అప్పుడు మా అమ్మాయి చెప్పింది: "నాన్నా, ఆ ఫ్లూట్ కుడివైపు స్పీకర్‌కి ఇచ్చారు. నువ్వు కుడి చెవిది తీసేస్తున్నావుగా!" పాతవన్నీ మోనో కాబట్టి రెండు వైపులా ఒకటే ఉంటుంది. స్టీరియో పాటలో ఒక చెవి వదిలేస్తే అటువైపు వాద్యాలు పోయినట్టే. ఫోన్లలో రెండు వైపులూ కలిపి వినిపించే మోనో సెట్టింగ్ ఉంటుంది, ఈ ప్లేయర్‌లో లేదు. నా దృష్టిలో ఇదే దీని పెద్ద లోపం. మా అమ్మాయి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని నాలుగు వందల పాటల్ని మోనోగా మార్చి పెట్టింది. ఒక ఆదివారమంతా దానికే పోయింది. ఆ రాత్రి ఫ్లూట్ ఎడమ చెవిలో వినబడగానే లేచి నిలబడ్డాను.

మూడు దాటాక సినిమా పాటలు ఆపేసి కచేరీలు పెడతాను. గోదావరి పాయ వశిష్ఠకి అవతల, మలికిపురం దగ్గర శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి గొంతు ఆ వేళకి సరిగ్గా సరిపోతుంది. ముప్పావు గంట సాగే రాగం మధ్యలో ట్రే చూడటానికి లేవాల్సి వస్తుంది. ప్లేయర్ ఆఫ్ చేసి మళ్లీ వేస్తే ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. చాలా చవక ప్లేయర్లలో ఈ సదుపాయం ఉండదు, మొదటి నుంచి మొదలవుతాయి. పొడుగు కచేరీలూ హరికథలూ వినేవాళ్లు కొనే ముందు ఇది తప్పకుండా చూసుకోవాలి.

పాట నాణ్యతని కేబీపీఎస్‌లో కొలుస్తారు, అది పెరిగేకొద్దీ ఫైలు సైజు పెరుగుతుంది. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో దాదాపు 4 ఎంబీ, 320లో 9 పైన తీసుకుంటుంది. గట్టు మీద ఆ రెంటికీ తేడా నాకు తెలియలేదు. ఇంట్లో మధ్యాహ్నం తలుపు వేసుకుని రెండు చెవులతో వింటే తంబురా దగ్గర తేడా తెలిసింది. సినిమా పాటలు చిన్న సైజులో, కచేరీలు పెద్ద సైజులో వేసుకున్నాను.

కార్డుతో రెండు రోజులు టెన్షన్ పడ్డాం. 64 జీబీ కార్డు కొని పెడితే ప్లేయర్ చదవలేదు. కార్డు చెడ్డది కాదు. కార్డులో ఫైళ్లు సర్దే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, ఈ ప్లేయర్‌కి ఫ్యాట్32 కావాలి. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ కొడితే అంత పెద్ద కార్డుకి ఫ్యాట్32 చూపించలేదు, వేరే సాఫ్ట్‌వేర్ దింపుకోవాల్సి వచ్చింది. ఈ తిప్పలు వద్దనుకుంటే 32 జీబీ కార్డే కొనుక్కోండి, చాలు. తెలుగులో పెట్టిన పాటల పేర్లు తెర మీద డబ్బాలుగా కనబడతాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. తెలుగు పాటలకి తెలుగు పేర్లు లేకుండా, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోవాల్సి వచ్చింది.

బ్యాటరీ 30 గంటలని డబ్బా మీద రాశారు. వైరుతో వింటే నాకు ఇరవై వస్తోంది, అంటే మూడు రాత్రులు. బ్లూటూత్‌తో ఒక రాత్రి తగ్గుతుంది. ఎఫ్ఎం సంతృప్తిగా లేదు. ఇయర్‌ఫోన్ వైరే దానికి ఏరియల్ కాబట్టి వైరు చాచి గట్టు మీద నిలబడితే కాస్త వస్తుంది, మకాంలోకి వస్తే గరగర. మీడియం వేవ్ అసలు లేదు. మా నాన్నగారు విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద విన్న మనిషి. ఇది చేతిలో పెడితే "ఆయ్, బాగానే ఉంది గానీ స్టేషన్ ఏదిరా?" అన్నారు. ఆయనకి పాత రేడియోనే ఉంచాం.

ఉప్పు గాలి సంగతి కూడా చెప్పాలి. మొదటి వానాకాలం అయ్యేసరికి ఇయర్‌ఫోన్ పిన్ను గాడిలో పచ్చటి చిలుము పట్టి, కదిపితే చాలు చిటపట. జువ్వలపాలెం రోడ్డులో సెల్ రిపేరు కుర్రాడు ద్రావకంతో శుభ్రం చేసి వంద తీసుకున్నాడు. అప్పటి నుంచి పొద్దున్నే ప్లేయర్‌ని గుడ్డతో తుడిచి, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు వేసిన మూత డబ్బాలో పెడుతున్నాను. మళ్లీ ఆ చప్పుడు రాలేదు.

సౌండ్ విషయంలో నా వంటి రాత్రి కాపలావాళ్లకి ఒక మాట. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రోజుకి ఆరు గంటల లెక్కన నావి 42. ఏరియేటర్ల హోరు మీద పాట వినబడాలని వేలు వాల్యూమ్ మీదికి పోతూనే ఉంటుంది. అందుకే మోటార్ల పక్కన కాకుండా మకాం వెనకవైపు మంచం వేసుకున్నాను. చప్పుడు తేడా అక్కడికీ తెలుస్తుంది, పాట తక్కువ సౌండ్‌లోనే సరిపోతుంది.

నేను మళ్లీ కొంటానా అంటే, కొన్నాను. పోయిన నెల బావకి ఇలాంటిదే తెప్పించాను. 32 జీబీ కార్డు, మోనో చేసిన పాటలు, మూత డబ్బాతో సహా ఇచ్చాను. కుడి చెవి ఇయర్‌ఫోన్ మాత్రం కత్తిరించేసి ఇచ్చాను.