ఇళ్ల పక్కన డాగ్ డేకేర్: ఎత్తు గోడ, దూరం, మూసిన భవనం... ఏది మేలు?

ఇళ్ల మధ్య ఉన్న ఖాళీ స్థలంలో డాగ్ డేకేర్, అంటే పనికెళ్లేవాళ్లు తమ కుక్కలను పగటిపూట వదిలివెళ్లే చోటు, రాబోతోందని తెలియగానే చుట్టుపక్కల వాళ్లు రెండు పక్షాలైపోతారు. కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఒకవైపు, "పగలంతా ఆ మొరుగుడు ఎవరు భరిస్తారు?" అనేవాళ్లు ఇంకోవైపు. నాకు కుక్కలంటే చాలా ఇష్టం. అయినా రెండో పక్షం వాళ్ల భయం ఉత్తదేం కాదు. ఇంట్లో ఉండి పనిచేసుకునేవాళ్లు, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లు, పసిపిల్లల తల్లులు రోజూ ఆ శబ్దంలోనే బతకాలి. అయితే గొడవంతా "రావాలా, వద్దా" దగ్గరే ఆగిపోతే, వస్తే ఎలా కట్టాలి అన్న ప్రశ్న ఎవరికీ పట్టదు. తేడా అంతా అక్కడే ఉంది.

మామూలుగా చర్చకు వచ్చే దారులు మూడు. ఆరుబయట ఆటస్థలం పెట్టి చుట్టూ ఎత్తు గోడ కట్టడం ఒకటి. ఇళ్లకు దూరంగా వేరే స్థలం చూసుకోవడం రెండోది. కుక్కలను ఎక్కువసేపు మూసిన భవనంలోనే ఉంచి, బయటికి కొన్ని కొన్నిగా వదలడం మూడోది.

ముందు శబ్దం లెక్క కొంచెం తెలియాలి. శబ్దం ఎంత గట్టిగా ఉందో డెసిబెల్స్‌లో కొలుస్తారు. పెద్ద కుక్క గట్టిగా మొరిగితే దగ్గర్లో 90 డెసిబెల్స్ పైమాటే. 2012లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చార్లీ అనే గోల్డెన్ రిట్రీవర్ 113.1 డెసిబెల్స్‌తో మొరిగి గిన్నిస్ రికార్డులకెక్కింది. ఇక ఇళ్ల దగ్గర ఎంత ఉండొచ్చంటే, పగటిపూట ఆరుబయట శబ్దం సగటున 55 డెసిబెల్స్ దాటకుండా ఉంటేనే ఎక్కువమంది తీవ్రమైన చికాకుకు గురికాకుండా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది.

ఇక్కడ "సగటున" అన్న మాటతో జాగ్రత్తగా ఉండాలి. నిమిషంలో ఆరు సెకన్లు మొరిగి మిగతా సమయం ఊరుకుంటే, సగటు విలువ అసలు మొరుగుడు కంటే 10 డెసిబెల్స్ తక్కువగా కనిపిస్తుంది. మన చెవి అలా సగటు వేసుకోదు. ఎప్పుడు మొదలవుతుందో తెలియని అరుపు, ఒకే స్థాయిలో సాగే రోడ్డు హోరు కంటే ఎక్కువ వేధిస్తుంది. అందుకే బ్రిటన్‌లో పరిశ్రమలు, వ్యాపార సంస్థల శబ్దాన్ని అంచనా వేయడానికి వాడే బీఎస్ 4142 అనే ప్రమాణం, ఠక్కున ఎగిసిపడే శబ్దాలకు 9 డెసిబెల్స్ దాకా అదనంగా కలిపి లెక్క చూడమంటుంది. డేకేర్ యజమాని తెచ్చే శబ్ద నివేదికలో సగటు ఒక్కటే ఉంటే ఒప్పుకోకండి. గరిష్ఠం కూడా చూపించమని అడగండి.

గోడ సంగతికొస్తే, దాని మీద జనానికి ఉన్నంత నమ్మకం నాకు లేదు. శబ్దానికీ వినేవాళ్ల చెవికీ మధ్య అడ్డంగా నిలబడితేనే గోడ పనిచేస్తుంది. కుక్కలు కనబడకుండా చేస్తే 5 డెసిబెల్స్ తగ్గుతాయి. బరువుగా, సందుల్లేకుండా, ఇంకా ఎత్తుగా కడితే 10 దాకా తగ్గొచ్చు. అంతకు మించి తగ్గించాలంటే చాలా ఖర్చుతో కూడిన పని. ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఉన్న మొరుగుడు 20 మీటర్లకు 64కి దిగుతుంది. మంచి గోడ ఉంటే 54 అవుతుంది. కాగితం మీద చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ 54 కింది అంతస్తు లెక్క. పై అంతస్తు కిటికీలోంచి చూస్తే గోడ మీదుగా ఆటస్థలం మొత్తం కనిపిస్తుంది. కుక్కలు కనిపిస్తున్నాయంటే ఆ కిటికీకి గోడ ఉన్నా లేనట్టే, అక్కడ 64 అలాగే ఉంటుంది. పైగా నున్నటి గట్టి గోడకు తగిలిన అరుపు ఎదుటివైపు ఇళ్ల మీదికి మళ్లుతుంది. గేటు కింద జానెడు సందు వదిలినా, కట్టిన గోడ ఫలితం చాలావరకు అందులోంచే పోతుంది. గోడ బదులు చెట్ల వరస పెంచుతామంటారు కొందరు. కంటికి హాయిగా ఉంటుంది తప్ప, పలుచటి వరస వల్ల శబ్దం తగ్గేది దాదాపు ఏమీ ఉండదు.

గోడకు ఒక్క మంచి గుణం ఉంది. జాలీ కంచె అయితే దారిన పోయే ప్రతి మనిషీ, ప్రతి సైకిలూ కుక్కకు కనిపిస్తాయి. కనిపించిన ప్రతిదాన్నీ చూసి మొరుగుతుంది. బయటిది కనబడకపోతే మొరగాల్సిన కారణాలే తగ్గిపోతాయి. అందుకని గోడ ఉండాల్సిందే, కాకపోతే దాన్ని మాత్రమే నమ్ముకోకూడదు.

దూరం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 20 మీటర్ల దగ్గర 64 ఉన్నది 80 మీటర్లకు 52 అవుతుంది. దూరానికి ఎవరైనా తలుపు మూయడం మర్చిపోతారన్న భయం లేదు, మరమ్మతు అక్కర్లేదు. స్థలం దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా దూరానికే ఓటు వేయాలి. దొరకనప్పుడే చిక్కు. ఇళ్లకు దూరమైతే కుక్కలను తెచ్చి దింపేవాళ్లకు కష్టం, అందుకే డేకేర్ యజమానులు ఇళ్ల మధ్యకే వస్తారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అందరూ పనికి వెళ్లిపోయాక ఒంటరితనం భరించలేక ఇంట్లో పగలంతా ఏడ్చే కుక్కలు ఇప్పటికే చుట్టుపక్కల ఉంటాయి. దగ్గర్లో మంచి డేకేర్ ఉంటే ఆ ఇళ్ల పక్కవాళ్లకు అదొక ఊరట.

ఇక మూసిన భవనం. ఇటుక గోడ ఒక్కటే 40 డెసిబెల్స్ పైగా ఆపగలదు. ఏ ప్రహరీ గోడా దాని దరిదాపులకు రాదు. బలహీనత ఎక్కడంటే కిటికీలు, తలుపులు, రేకుల కప్పు. ఎండాకాలంలో గాలాడటం లేదని ఎవరో కిటికీ తెరిచారనుకోండి, ఆ కిటికీ వైపు ఇళ్లకు దక్కే రక్షణ 10, 15 డెసిబెల్స్‌కి పడిపోతుంది. కాబట్టి కిటికీలు తెరిచే వీల్లేకుండా బిగించాలి, గాలి కోసం యంత్రాలు పెట్టాలి. వాకిలికి ఒకటి వెనక ఒకటి రెండు తలుపులుండాలి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి.

లోపల కుక్కల సుఖం కూడా చూడాలి. కడగడానికి వీలుగా టైల్స్, గట్టి గోడలు పెడతారు కాబట్టి అరుపు ప్రతిధ్వనిస్తుంది. ఒకటి అందుకుంటే మిగతావన్నీ అందుకుంటాయి. కెన్నెళ్ల (కుక్కలను ఉంచే షెడ్ల) లోపల 100 డెసిబెల్స్ దాటిన సందర్భాలున్నాయి. పనిచేసేవాళ్లకు ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 85 మించకూడదని నిపుణులు చెబుతారు. కుక్క చెవి మన చెవికంటే సున్నితం. పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు బిగించడం, స్వభావం చూసి చిన్న గుంపులుగా విడదీయడం, మధ్యాహ్నం పడుకోబెట్టడం వల్ల లోపల ప్రశాంతంగా ఉంటుంది. అది లేకుండా తలుపులు మాత్రం మూస్తే బయటివాళ్లకు శాంతి, ఆ మూగజీవాలకు నరకం.

కుక్కలు ఎండ, మట్టి చూడాల్సిందే కదా అంటారు. నిజమే. ఆటస్థలాన్ని భవనానికి ఇళ్లు లేని వైపు పెడితే భవనమే పెద్ద అడ్డుగోడ అవుతుంది. రెండు, మూడు కుక్కలను ఒక మనిషి తోడుగా బయటికి తీసుకెళ్లాలి, మొరగడం మొదలుపెట్టిన దాన్ని వెంటనే లోపలికి తీసుకొచ్చేయాలి. మొత్తం కుక్కల సంఖ్య మీద అందరూ పట్టుబడతారు గానీ, ఇరవైని పదికి తగ్గిస్తే తగ్గే శబ్దం 3 డెసిబెల్సే. ఒకేసారి బయట ఎన్ని, ఎంతసేపు అన్నది అంతకంటే ముఖ్యం.

పొద్దున దింపే వేళ గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. కారు తలుపు తెరవగానే గేటు దగ్గర ఇంకో కుక్క కనిపిస్తుంది, ఇది మొరుగుతుంది, అది బదులిస్తుంది, లోపలివి వంత పాడతాయి. వాకిలి ఇళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు ఉండాలి. ఎవరు ఎప్పుడు రావాలో వేళలు విడగొట్టి ఇవ్వాలి.

దూరం కుదరని చోట నా ఓటు మూసిన భవనానికే. కాకపోతే పై ఏర్పాట్లన్నీ అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి: కిటికీలు బిగించడం, పనివేళలు, ఒకేసారి బయట ఉండే కుక్కల సంఖ్య, రాత్రి బస లేకపోవడం, ఫిర్యాదుకు ఫోన్ ఎత్తే మనిషి. నోటిమాటలు నీటిమూటలు. పని మొదలయ్యే ముందు ఒకసారి, తెరిచాక మళ్లీ అవే వేళల్లో పై అంతస్తు కిటికీ దగ్గర శబ్దం కొలిపించమనండి. ఇళ్ల పక్కన ఆరుబయట ఆటస్థలం, చుట్టూ గోడ, అంతకు మించి ఏమీ చేయలేమని యజమాని తేల్చి చెబితే మాత్రం మొహమాటపడకుండా అభ్యంతరం రాసివ్వండి.